గేటు లోపలి టీచరక్క

తిరుత్తణి నుంచి పొద్దున పాసింజర్లో తిరువళ్ళూరికి పూలగంప తెచ్చే ఆమె పోయిన వారం మా వాకిట్లో గంప దించి, పూలు కొలవకుండా అట్లే నిలబడింది. ఏమమ్మా అంటే, "మీ టీచరమ్మ పోయిందమ్మా. నిన్న తెల్లారి పాలు పోసే ఆయన పిలిస్తే పలకలేదంట" అనింది.

"గేటు తెరిచే ఉండిందా?" అని అడిగినాను.

ఎందుకట్ల అడిగినానో ఆమెకు అర్థం కాలేదు. "తెరిచే ఉండిందమ్మా. లేకపోతే ఆయనెట్ల లోపలికి పోతాడు?" అని, మూర కనకాంబరాలు నా చేతిలో పెట్టి పోయింది. ఆ పూలు పెట్టుకోబుద్ధి కాలేదు. దేవుడి పటానికి వేసినాను.

డెబ్బైల మొదట్లో నేను తిరుత్తణికి కోడలుగా వచ్చినాను. మా వాళ్ళకు బజారులో ఉప్పు పప్పు అమ్మే మళిగ కొట్టు. కొత్త కోడలు పని లేకుండా వీధిలో కనపడకూడదనేది మా అత్త. వంటిల్లు, బావి, పెరడు, అంతే నా తిరుగుడు. పెరటి గోడ నా ఎద దాకా ఉండేది. ఆ గోడకు అవతల టీచరక్క ఉండేది. నాకంటే పదేండ్లు పెద్ద. నాకన్నా ఎక్కువగా ఇంట్లో ఇరుక్కున్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

ఆమె బడిలో తెలుగు చెప్పేది. వాళ్ళాయన రైల్వేలో గార్డు. పెండ్లయిన కొన్నేండ్లకు ఆయనకు మెదడు జ్వరం వచ్చింది. మనిషి బతికినాడు గానీ పాత మనిషి తిరిగి రాలేదు. మాట పోయింది, జ్ఞాపకం పోయింది, డ్యూటీ ఒకటే మిగిలింది. బండి కూత వినిపిస్తే చాలు, తాను జెండా ఊపకపోతే బండి కదలదన్నట్టు లేచి పట్టాల వైపు పరిగెత్తేవాడు. రెండుసార్లు స్టేషను వాళ్ళే పట్టుకొచ్చి అప్పజెప్పినారంట. ఆ తర్వాత అక్క ఉద్యోగం మానేసి గేటుకు బీగం వేసింది. బీగంచెవి ఎప్పుడూ ఆమె కొంగున ఉండేది. ఆయన్ను లోపల పెట్టడానికి వేసిన బీగం ఆమెను కూడా లోపలే పెట్టింది. కూరగాయలు గేటు కమ్మీల సందులోంచే కొనేది. ఆడి కృత్తిక పండగకు స్వామి మొక్కు కావళ్ళు మా వీధిలోనే కొండకు పోతుంటే, కమ్మీలు పట్టుకోని అవి మలుపు తిరిగేదాకా చూసేది.

ఒక మాఘమాసంలో ఎక్కడినుంచో తేనెటీగల గుంపు వచ్చి వాళ్ళ పెరట్లో బోర్లించిన పగులు బానలో చేరింది. మా అత్త గోడ దగ్గరికొచ్చి, "పొగ పెట్టి తరుమమ్మే, ఎవురినన్నా కుడితే ఏం గతి?" అని అరిచింది.

"మెల్లగా, పెద్దమ్మా. అట్ల చూడండి" అనింది టీచరక్క.

ఆయన బాన ముందర నేల మీద బాసింపట్టు వేసుకోని కూర్చోని ఉన్నాడు. వచ్చే ఈగను, పోయే ఈగను చూస్తున్నాడు. గార్డు కదా, వచ్చేవాళ్ళు పోయేవాళ్ళు ఆయనకు అలవాటే. మధ్యాహ్నందాకా లేవలేదు. జ్వరం వచ్చినాక ఆయన ఒకచోట అంతసేపు కూర్చోవడం అదే మొదలని అక్క నాతో చెప్పింది.

బడిలో తోటి టీచరు ఎవరో ఖాదీ వాళ్ళనడిగి తేనెటీగలు పెంచే చెక్కపెట్టె తెచ్చిచ్చినాడు. అక్క ఆ ఈగలను బానలోంచి పెట్టెలోకి మార్చింది. మొదటిసారి చేతులు పూరీల మాదిరి వాచిపోయినాయి. నేర్చుకుంది. పెట్టె కాళ్ళ కింద చీమలు ఎక్కకుండా నీళ్ళ చిప్పలు పెట్టేది. తేనె మొత్తం ఎప్పుడూ తీసేది కాదు. "వానల్లో వాటికి తిండి యాడిది?" అనేది. తీసిన రోజు మాత్రం గోడ మీద ఒక చిన్న గిన్నె నాకోసం ఉండేది. దోసెకు పూసుకోని తిని, గిన్నె తోమి అదే చోట పెట్టేదాన్ని.

ఆ ఈగల కాళ్ళకంటిన పుప్పొడి చూసి ఊరి సంగతులు చెప్పేది. వేప పూసిందమ్మాయీ, ఎవరో నువ్వులు వేసినట్టుండారు, అనేది. ఒకనాడు నాలిక మీద తేనెచుక్క వేసుకోని, కండ్లు మూసుకోని, "ఈ పొద్దు కే.జీ.కండిగై సంతదాకా పోయొచ్చినట్టుండాయి" అనింది. ఇద్దరం నవ్వినాము. నవ్వు ఆగినాక, "నేను యాడికీ పోలేను, ఇవన్నా పోయిరానీ" అనింది. ఆ మాట ఆమె దగ్గర చాలాసార్లు విన్నాను. వినేకొద్దీ అందులో నవ్వు తగ్గుతూ వచ్చింది.

మింజూరు నుంచి ఆమె తమ్ముడు ఒకసారి వచ్చినాడు. నేను గోడకివతల బట్టలారేస్తున్నాను.

"మద్రాసులో ఆసుపత్రి ఉండాదక్కా. చేర్పిస్తే వాళ్ళు చూసుకుంటారు. నీకింకా వయసుండాది. మళ్ళీ బడికి పోవచ్చు."

"ఆడ గేటు బీగంచెవి ఎవరి దగ్గరుంటుందిరా?"

"వాళ్ళ దగ్గరే. ఇంగెవరి దగ్గరుంటుంది?"

"ఈడైతే నా దగ్గరుంటుంది. అంతే తేడా."

తమ్ముడు అన్నం తిని, ముఖం మాడ్చుకోని పోయినాడు. సాయంత్రం అక్క గోడ దగ్గరికొచ్చి మెల్లగా చెప్పింది: "వాడు చెప్పింది తప్పు కాదమ్మాయీ. వాడు మలుపు తిరిగేదాకా చూస్తా నిలబడినా. నేనూ పోయుంటే ఎంత బాగుండు అనుకున్నా. నీతో కాబట్టి చెప్తాండా." ఆమెను గొప్ప త్యాగమూర్తి అని నేను ఎక్కడా చెప్పను. అట్ల చెబితే ఆమెకే నచ్చదు.

ఒక ఎండాకాలం పెట్టెలో తేనె అట్టలు తినే మైనపు పురుగు పట్టింది. పొద్దున పదింటప్పుడు ఈగలన్నీ ఒక్కసారిగా లేచినాయి. పెరడంతా హోరు. నల్లటి పొగ మాదిరి గోడ దాటి, వీధి దాటి, పట్టాల పక్కనుండే కానుగ చెట్టుకు పోయి గుత్తిగా వేలాడినాయి. ఆయన పెట్టెలోకి చెయ్యి పెట్టి, ఖాళీ అట్టలు తడుముతూ, గొంతులోంచి ఒకరకంగా మూలగడం మొదలుపెట్టినాడు.

"అవి కొంచెంసేపే ఆడుంటాయి. మళ్ళీ లేస్తే ఇంగ దొరకవు" అనింది అక్క. ఒక చూపు గేటు వైపు, ఒక చూపు ఆయన వైపు. ఆయన్ను వదిలి పోయేదానికి లేదు, తీసుకోని పోయేదానికి లేదు. కొంగున బీగంచెవి పట్టుకోని అట్లే నిలబడింది. తర్వాత ఆయన చెయ్యి పట్టుకోని గేటు తెరిచింది. "అమ్మాయీ, గంప తీసుకోనొస్తావా?" అని నన్నడిగింది. మా అత్త వంటింట్లో ఉంది. నేను అడగలేదు, చెప్పలేదు, గంప తీసుకోని పోయినాను.

చెట్టు కింద అక్క కొమ్మను రెండు చేతులా వంచింది. గుత్తి కింద నేను గంప పెట్టాల. తలకాయంత గుత్తి అది, కదులుతూ ఉంది. గంప ఎత్తబోయి వెనక్కి జరిగినాను. అప్పుడు ఆయన నా దగ్గర్నుంచి గంప తీసుకోని, సరిగ్గా గుత్తి కింద పట్టుకోని నిలబడినాడు. అక్క కొమ్మ విదిలించింది. సగం గంపలో పడినాయి. మిగతావి ఒకటొకటే దిగుతున్నాయి. రాణీగ ఇంకా పైనే ఉందేమోనని అక్క కొమ్మ వదల్లేదు.

సరిగ్గా ఆ టైములో అరక్కోణం వైపు నుంచి బండి కూత వేసింది.

ఆయన తల పట్టాల వైపు తిరిగింది. మెడనరాలు బిగుసుకున్నాయి. కట్ట మీదికి నాలుగడుగులు వేస్తే పట్టాలే. అక్క చేతుల్లో కొమ్మ ఉంది. ఆమె ముఖం తెల్లబడిపోయింది. నేను ఆయన చొక్కా పట్టుకోబోయినాను. ఆయన మణికట్టు మీద ఈగలు పాకుతున్నాయి. గంపలోకి చూసినాడు, కొమ్మ వైపు చూసినాడు. అన్నేండ్లలో నేను వినని గొంతుతో, "ఇంగా ఎక్కతాండారు. ఉండు" అన్నాడు.

బండి మమ్మల్ని దాటి పోయింది. బండి పెట్టెల గాలికి, గంప మీద కప్పడానికి అక్క భుజాన వేసుకోనొచ్చిన తడిగుడ్డ ఎగిరెగిరి పడింది. ఆయన కదల్లేదు.

వీధంతా చూసింది. మా అత్త వాకిట్లోకి వచ్చి ఉండింది, నన్ను తిడుతుందనుకున్నాను. "పావం" అని లోపలికి పోయింది.

పురుగు దులిపిన పెట్టెలోకి ఈగలు సాయంత్రానికి మళ్ళీ చేరినాయి. మరుసటి పొద్దున టీచరక్క గేటు బీగం తీసి పెట్టి, మెట్టు మీద కూర్చునింది. ఆమె ముఖంలో అట్లాంటి వెలుగు నేను అంతకుముందు చూడలేదు. కూత వినిపించింది. ఆయన లేచి, ఆమెను తోసుకోని, తిన్నగా గేటు దాటి పరిగెత్తినాడు. ఇద్దరు మనుషులు పట్టుకోవాల్సి వచ్చింది.

బీగం మళ్ళీ వేసినాక ఆమె గోడకానుకోని ఏడ్చింది. "నిన్న నిలబడినాడు కదక్కా?" అన్నాను.

"నిన్న చేతిలో గంప ఉండె. ఈ పొద్దు చేతులు ఖాళీ."

అప్పటినుంచి బండి వేళకు ఆయన చేతికి ఈగల నీళ్ళచిప్ప నిండుగా పోసి ఇచ్చేది. కొన్ని రోజులు నీళ్ళు తొణక్కుండా పట్టుకోని నిలబడేవాడు. కొన్ని రోజులు చిప్ప విసిరేసి పరిగెత్తేవాడు. బీగం మాత్రం తీసింది లేదు. మేము తిరువళ్ళూరులో కొట్టు పెట్టుకోని వచ్చేసిన చాన్నాళ్ళకు, ఒక వానాకాలం, ఆయన మంచంలోనే పోయినాడు.

ఇంగ అక్కకు విడుదల అనుకున్నాను. ఆమె బడికి పోలేదు. అక్కడ ఆమె ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. అరుగు మీద పిల్లలకు పద్యాలు చెప్పేది. ఈగలను అడిగినవాళ్ళకు ఇచ్చేసింది. నేను ఎన్నిసార్లు పిలిచినా, "వస్తాలే" అనేది, వచ్చేది కాదు.

పోయినేడు ఆరంబాక్కంలో మా చెల్లెలి ఇంటికి బలవంతంగా పిల్చుకోనిపోయినాను. సాయంత్రం ఏరు, ఉప్పునీళ్ళు కలిసే చోటికి గట్టు మీద నడిచినాము. ఎదురుగాలి. కొంగలు. కనుచూపుమేర గోడ అనేది లేదు. "ఎంత పెద్దదే!" అని, చెప్పులు విడిచి, నాకంటే ముందు నడిచింది. అంత వేగంగా ఆమె నడవగలదని నాకు తెలియదు.

కొంతదూరం పోయినాక గమనించినాను. ఆమె ఎడమచెయ్యి వెనక్కి చాపి ఉంది, వేళ్ళు కొంచెం తెరిచి. పెరట్లో ఆయన్ను నడిపించేటప్పుడు అట్లే ముందు నడుస్తూ వెనక్కి చెయ్యిచ్చేది. ఇప్పుడు ఆ చేతిలో గాలి తప్ప ఏమీ లేదు. అది ఆమెకు తెలిసినట్టు లేదు. గట్టు కొసదాకా చెయ్యి అట్లే పెట్టుకోని, నీళ్ళ వైపు నడుస్తా పోయింది.