డబ్బాలో పట్టని రొట్టెలు

సియెర్రా కొండల కింద ఎల్డన్ ప్రూయిట్ కొట్టులో ఎలుగు డబ్బాలు, అంటే ఎలుగుబంట్లు తెరవలేని తిండి డబ్బాలు, కొండెక్కేవాళ్లకి అద్దెకిస్తాడు. వాటి మూత తిప్పడానికి మనుషులకే గోళ్లు అరిగిపోతాయి. తిండే కాదు, వాసనొచ్చేదల్లా, పళ్లు తోముకునే పేస్టుతో సహా, అందులోకే పోవాలి. డబ్బా గుడారానికి దూరంగా ఉండాలి. ఈ సంగతి చెప్పడానికి ఆయన దగ్గర ఇరవై కథలున్నాయి. పేస్టు తిన్న ఎలుగు నెల్లాళ్లు పళ్లికిలిస్తూ తిరిగిందంటాడు. సబ్బు మింగినది తుమ్మితే లోయంతా బుడగలేనట.

ఆ పొద్దున మిడత అనే అమ్మాయి వచ్చింది. కొండమీది పొడవాటి కాలిబాట పట్టినవాళ్లందరూ ఇలాంటి మారుపేర్లే పెట్టుకుంటారు. ఎనిమిది రోజుల తిండి కుక్కి, మోకాలితో నొక్కినా మూత పడలేదు. రెండు రొట్టెలు, కాస్త వేరుశనగ వెన్న మిగిలాయి.

"ఇవి బయటే ఉండనీ తాతా. సాయంత్రానికి నా పొట్టలో ఉంటాయి."

"కుదరదు, లోపల పెట్టు."

"అయితే ఆ పళ్లికిలించే ఎలుగు కథ చెప్పు, పెడతాను."

ఎల్డన్ గోడవైపు చూశాడు. అక్కడ ఎలుగు చెవికి గుర్తుగా కుట్టే పసుపు బిళ్ల వేలాడుతోంది, దానిమీద అంకె: ఎనభై మూడు. అడవి కాపలా చూసే రేంజరు ఇనెస్ బాకా ఆరేళ్ల కిందట తెచ్చి తగిలించింది. ఇప్పుడామె దాని కిందే కూర్చుని ఆయన పోసిన కాఫీ తాగుతోంది. అసలు సంగతి ఆమె వినకుండా చెప్పే దారి లేదు. చెప్పకపోతే ఈ పిల్ల నవ్వుకుంటూ రొట్టెలతో కొండెక్కుతుంది.

"ఆ ఎనభై మూడో ఎలుగు తిన్న రొట్టె నాదే" అన్నాడు. "ఆరేళ్ల కిందట నేను కొండెక్కిన మొదటి రోజు ఇలాగే డబ్బాలో పట్టక మిగిలింది. అలసటకి ఆకలి చచ్చింది. సంచిలో వదిలేసి వాగులో కాళ్లు పెట్టుకు కూర్చున్నాను. తిరిగొస్తే అది రెండు చేతులతో పట్టుకుని, చంటిపిల్లలా తింటోంది. నాకు నవ్వొచ్చింది. ఆరోజే చెప్పుంటే రేంజర్లు తరిమి దానికి భయం నేర్పేవాళ్లు. సిగ్గుపడి చెప్పలేదు. అది గుడారాలు మరిగింది. ఆగస్టులో ఒకడి భుజం చీల్చింది."

"దాన్ని కాల్చి చంపింది నేను" అంది ఇనెస్.

"తెలుసు."

"ఆరేళ్లుగా ఈ బిళ్ల కిందే నాకు కాఫీ పోశావు, ఎల్డన్."

కప్పు కింద పెట్టి, సగం కాఫీ వదిలేసి వెళ్లిపోయింది.

మిడత గడప మీద కూర్చుని రెండు రొట్టెలూ అప్పుడే తినేసింది. గొంతు దిగకపోతే ఎల్డన్ నీళ్లిచ్చాడు. వెన్న అడుగున సర్ది తిప్పితే మూత టక్కున పడింది.

ఎల్డన్ ఇప్పటికీ డబ్బాలు అద్దెకిస్తున్నాడు. ఇరవై కథలూ పోయి ఒక్కటే మిగిలింది. ఇనెస్ వచ్చి ఆ బిళ్ల కిందే కూర్చుంటుంది. కాఫీ మాత్రం ఇంటినుంచి తెచ్చుకుంటుంది.