మేడ మీద బావమరిది

నందిగామలో మా మేడ మీది వాటా అద్దెకిచ్చామని వీధి మొత్తానికీ తెలుసు. గేటుకు టులెట్ బోర్డు కట్టింది నేనే. తెలియకూడనిది మున్సిపాలిటీకి మాత్రమేనని నాన్న అభిప్రాయం. అద్దె సంగతి రాయిస్తే పన్ను పెరుగుతుందని, అగ్రిమెంటు రాసిస్తే ఇల్లే పోతుందని ఆయన నమ్మకం. అలా పోగొట్టుకున్నవాళ్ళు ఎవరని అడిగితే జగ్గయ్యపేటలో ఒకాయన ఉన్నాడంటాడు. జగ్గయ్యపేట నిండా మా బంధువులే. వాళ్ళెవరికీ ఆయన తెలియదు.

పైన ఉండేది ఒక ల్యాబ్ టెక్నీషియన్, భార్య, ఐదేళ్ళ పాప. చందర్లపాడు నుంచి వచ్చారు. వార్డు సచివాలయం నుంచి ఒకామె అద్దె ఇళ్ళ వివరాలు రాసుకోవడానికి వచ్చిన సమయానికి అతను మెట్లు దిగుతున్నాడు. "మా బావమరిదండి. అద్దేం లేదు" అనేశాడు నాన్న. అతని మెడలో సిలువ, మా గుమ్మం మీద వెంకటేశ్వరస్వామి. ఆమె రెండింటినీ చూసి, నాన్న చెప్పినట్టే ఫోన్లో ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

అమ్మ ఒక్కతే కూతురు. అన్నదమ్ములు లేరు. "ఇన్నాళ్ళకి నాకో తమ్ముణ్ణి తెచ్చారు. పుట్టింటి చీరెప్పుడు పెడతాడో కనుక్కోండి" అని లోపలికి వెళ్ళింది.

వేసవిలో చిక్కొచ్చింది. ప్రైవేటు స్కూల్లో పేదపిల్లలకు ఉచితంగా ఇచ్చే సీటుకు పాప పేరు పెట్టారు. ఈ వార్డులోనే ఉంటున్నట్టు రుజువు కావాలి. ఆధార్లో ఇంకా చందర్లపాడే ఉంది. అగ్రిమెంటు ఇవ్వమని బతిమాలితే, నాన్న జగ్గయ్యపేట ఆయన్ని బాగా తలుచుకుని చివరికి సంతకం పెట్టాడు. తీరా చూస్తే సచివాలయం రికార్డులో అతను అద్దె లేని బావమరిది. లెక్క కలవలేదు. మర్నాటితో గడువు ఆఖరు.

వెళ్ళి మార్పించమని అతను అడిగితే నాన్న పరువు గురించి చాలాసేపు మాట్లాడాడు. అతను మొత్తం విని, నెమ్మదిగా అన్నాడు.

"అప్పుడు బావమరిదినన్నారు, ఊరుకున్నా బాబాయ్. ఇప్పుడు అద్దెకుంటున్నాడని ఒక్క మాట చెప్పండి. మా పిల్లకి సీటొస్తది."

నాన్న లేచి చొక్కా వేసుకున్నాడు.

బండి మీద నా వెనక కూర్చుని దారి పొడవునా రకరకాల కారణాలు అల్లాడు. ఆమెకు సరిగా వినపడలేదని ఒకటి, ఫోన్లో తప్పుగా ఎక్కిందని ఇంకొకటి. తీరా ఆమె ఎదురుగా కూర్చున్నాక అవేవీ నోటికి రాలేదు.

"అతను మా బావమరిది కాదమ్మా. అద్దెకుంటున్నాడు."

"తెలుసండి" అని ఆమె మార్చేసింది.

"మరి పన్ను?"

"దీనికీ పన్నుకీ సంబంధం లేదండి. ఎవరుంటున్నారో రాసుకోడానికే."

పన్ను పెరిగి ఉంటే నాన్నకి కొంత ఊరటగా ఉండేదేమో.

సీటొచ్చింది. జూన్ నుంచి పాప స్కూలు వ్యాను రోజూ మా గేటు ముందే ఆగుతోంది. పాప మెట్లు దిగొచ్చేదాకా డ్రైవరు హారన్ ఆపడు. దానికి మున్సిపాలిటీలో ఏదైనా రూలుందేమోనని నాన్న ఇప్పుడు వాకబు చేస్తున్నాడు.