గొళ్లెం లేని తలుపుకు పూర్తి మార్కులు

మా ఆసుపత్రి రికార్డుల్లో ఈ సంగతి ఎక్కడా లేదు. లేకుండా చేసినవాణ్ణి నేనే కాబట్టి నేనే రాయాలి. కుప్పం, పుంగనూరు, మదనపల్లె మధ్య తిరుగుతూ చిన్న ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేశాను. ఇది వాటిలో ఎక్కడ జరిగిందో చెప్పను. తప్పు ఊరిది కాదు.

నాకు డిగ్రీ లేదు. నా చదువంతా కుప్పం గ్రంథాలయం బెంచీ మీదే సాగింది. దేన్నైనా బాగు చేయాలంటే ముందు కొలవాలని అక్కడే చదివి, కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. అందుకే నాణ్యత తనిఖీకి ముందు రోగుల అభిప్రాయాలు రాసుకునే పని సూపరింటెండెంటు గారు నాకే ఇచ్చారు.

"పుస్తకాలు సదివినోడివి. సక్కంగా రాస్తావులే" అన్నారు. పొంగిపోయాను.

అది గర్భిణులకు పరీక్షలు చేసే రోజు. రామసముద్రం వైపు పల్లె నుంచి వచ్చిన ఒకామె వరండాలో కూర్చుని ఉంది. ఏడో నెల. నీళ్లు బాగా తాగమని డాక్టరమ్మ అప్పుడే చెప్పి పంపింది. నా ఫారంలో మరుగుదొడ్డి ప్రశ్న వచ్చింది.

"బాత్రూమ్ శుభ్రంగా ఉండాదా అమ్మా?"

"ఉండాదిలేప్పా. దాంట్లోకి ఎవురు పోతారు? లోపల గొళ్లెమే లేదు. మగోళ్లంతా తిరగతా ఉంటారు."

"గొళ్లెం సంగతి ఈడ అడగలేదమ్మా. శుభ్రమా, కాదా? అది సెప్పు."

ఆమె నవ్వింది. "అయితే శుభ్రమనే రాసుకోప్పా. నీ కాగితం పాసవ్వాల గదా!"

రాసుకున్నాను. కింద 'ఇతర సూచనలు' అని రెండు ఖాళీ గీతలున్నాయి. మార్కులు తగ్గుతాయని వాటిని ఖాళీగానే వదిలేశాను.

తనిఖీకి వచ్చినవాళ్లు ఆ తలుపు తోసి చూసి, పొడిగా ఉన్న నేలను మెచ్చుకున్నారు. ఎవరూ వాడని చోటు శుభ్రంగా ఉండక ఏమవుతుంది? ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. శుభ్రతకు పూర్తి మార్కులు పడ్డాయి. సూపరింటెండెంటు గారు నా భుజం తట్టారు.

మరుసటి నెల స్కానింగులో ఆమెకు ఉమ్మనీరు తగ్గిందని తేలింది. బిడ్డ గుండె చప్పుడు కూడా చూడాలంటూ పెద్దాసుపత్రికి పంపాలన్నారు.

"నీళ్లు తాగమంటే యాల తాగవు?" అని డాక్టరమ్మ కేకలేసింది. ఆమె తల దించుకుంది. జవాబు చెప్పింది వెంట వచ్చిన అత్త.

"ఈడికొచ్చే దినం పొద్దన్నుంచీ నోరు కట్టుకోనుంటాదమ్మా. తాగితే పోవాల్సొస్తాది, యాడికి పోతాది?"

ఆమె తలెత్తి కౌంటర్ దగ్గరున్న నన్ను చూసింది. అత్త చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. అంబులెన్స్ కదిలింది.

ఆ సాయంత్రం గ్రంథాలయానికి వెళ్లాను. ఉమ్మనీరు తగ్గడానికి కారణాలు చాలా ఉంటాయని ఒక పుస్తకంలో దొరికింది. ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకున్నాను. బిడ్డ ఎలా ఉందో తెలుసుకోవడానికి కాదు, తప్పు నుంచి తప్పించుకోవడానికి వెతుకుతున్నానని అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్ల చదువు ఇందుకు పనికొచ్చిందా అని సిగ్గేసింది.

మర్నాడు సూపరింటెండెంటు గారికి అంతా చెప్పాను. ఆయన అప్పుడే వడ్రంగిని పిలిపిస్తే పది నిమిషాల్లో గొళ్లెం బిగించి వెళ్లాడు. అంత చిన్న పని.

బిడ్డ నెల తక్కువగా పుట్టినా దక్కింది. టీకాకు తెచ్చినప్పుడు దగ్గరికెళ్లి, "తప్పు నాదమ్మా, నువ్వు సెప్పినా రాయలేదు" అన్నాను.

"తెలుసులేప్పా" అంది, బిడ్డ తల మీద గుడ్డ సర్దుతూ. "ఇంకో తూరి అడిగేదానికి ఆడమనిసిని పంపు. గేటు బయట అడగమను. ఈడ నర్సమ్మలు ఇంటా ఉంటే ఎవురు నోరు తెరస్తారు?"

అలాగే చేశాం, మా ఆయమ్మను గేటు బయట నిలబెట్టి. చెప్పినవన్నీ రాయడంతో ఆ నెల మా మార్కులు బాగా పడిపోయాయి. పై ఆఫీసు నుంచి వచ్చిన ఫోనుకు సూపరింటెండెంటు గారే జవాబిచ్చారు, నా పేరు రానీయలేదు.

ఆయనకు, వడ్రంగికి, గేటు బయట నిలబడి అడిగిన ఆయమ్మకు, నాకు పుస్తకాలు తీసిచ్చిన లైబ్రేరియన్‌కు కృతజ్ఞతలు. పేర్లు రాయవద్దని వాళ్లే అన్నారు. రామసముద్రం వైపు ఆ తల్లికి కృతజ్ఞత చెప్పే ముఖం నాకింకా లేదు.