ఫోను ఎత్తుతున్నాడు, పలకడం లేదు

2004 వేసవి. విశాఖలో పాత పోస్టాఫీసు దగ్గర నాకు సెల్ ఫోన్ల రిపేరు షాపు ఉండేది. పోర్టు కూలీలు, బోటు డ్రైవర్లు, చేపలమ్మే ఆడవాళ్లు ఎక్కువగా వచ్చేవారు. ఉప్పునీళ్లలో పడ్డ ఫోన్లు తెస్తే విప్పి, లోపలి తుప్పు కడిగి, ఆరబెట్టి ఇచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం జాలరిపేట నుంచి నూకమ్మ వచ్చింది, వెంట ఆమె తమ్ముడు సింహాద్రి. ఆమె భర్త ఎర్రయ్య మరబోటు డ్రైవరు.

"నిన్న సాయంత్రం నాతో గొడవాడి ఎళ్లిపోనాడు బాబూ. ఫోన్ సేత్తే ఎత్తుతన్నాడు గానీ మాటాడ్డం లేదు. తిట్టినాను, ఏడ్సినాను, పలకడు. మా అత్తేమో ఎత్తింది మనిషి కాదు, గాలో దెయ్యమో అంతాది. ఫోను పాడైపోనాదేటో సూడు."

ఎర్రయ్య ఫోను నాకు తెలుసు. ఇంజను పనిలో చేతులకి గ్రీజు అంటుతుంది, ఫోనెత్తలేకపోతున్నానంటే, నెల కిందట నేనే ఇయర్‌ఫోన్ ఇచ్చి ఆటో ఆన్సర్ పెట్టాను. అంటే ఇయర్‌ఫోన్ తగిలించి ఉన్నంతసేపూ, ఎవరు చేసినా రెండు రింగుల తర్వాత ఫోను దానంతటదే ఎత్తుకుంటుంది.

ఎత్తుతున్నది ఎర్రయ్య కాదు. ఆ మాట ఆమెకి చెప్పడానికి నోరు రాలేదు. నా ఫోను నుంచి చేసి, స్పీకరు పెట్టాను. రెండు రింగులు. ఎత్తుకుంది.

"ఎర్రయ్యా!" అన్నాను. నీళ్ల చప్పుడు. కిర్రుమంటూ ఏదో రాసుకుని, ఆగి, మళ్లీ రాసుకుంటోంది. మధ్యమధ్య ఊపిరి లాంటిదేదో, సముద్రం మీది గాలనుకున్నాను. నూకమ్మ వినలేక గుమ్మం బయటికెళ్లి కూలబడింది. నేను సింహాద్రి వైపు వంగి మెల్లగా అన్నాను: "ఆశ పెట్టుకోకు. ప్రాణం పోయుంటుంది. ముందు మీ అక్కని ఇంటికి తీసుకెళ్లు."

అప్పుడే ఓడ కూత వినిపించింది. బయట వీధిలోనూ, నా ఫోన్లోనూ ఒకేసారి. అంటే దగ్గర్లోనే ఉన్నాడు. నూకమ్మని పిలిచి ఆ కిర్రు చప్పుడు వినమన్నాను.

ఆమె చెవి పెట్టి, చటుక్కున తలెత్తింది. "బోట్ల పక్కన ఏలాడేసే టైర్లు బాబూ! కట్టేసిన బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంతన్నాయి. ఏట బందు గదా, బోటు కాడికి ఎల్తాడని ఎవులికీ తోసనేదు."

చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపిన రోజులవి. ఆటోలో ఫిషింగ్ హార్బరుకి వెళ్లాం. బోట్లన్నీ పక్కపక్కనే కట్టేసి ఉన్నాయి, మనిషి అలికిడి లేదు. ఒకదాని మీంచి ఒకటి దాటుకుంటూ ఎర్రయ్య నడిపే బోటెక్కాం. ఐసు, చేపలు నింపే గదికి చెక్క మూత పడి ఉంది. సింహాద్రి ఎత్తాడు.

అడుగున ఎర్రయ్య పక్కకి ఒరిగి ఉన్నాడు. తల పగిలి రక్తం గడ్డకట్టింది. ఒక చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది. తెరిచిన కళ్లు మావైపే చూస్తున్నాయి, కదలడం లేదు. కాసేపటికి ఒక రెప్ప ఆడింది. నూకమ్మ లోపలికి దూకేసింది.

బతికాడు. తుంటి ఎముక అతుక్కోవడానికి నెలలు పట్టింది. తర్వాత కర్ర పట్టుకుని ఒకరోజు షాపుకొచ్చాడు. ఇంజను తుడుచుకుంటే కోపం తగ్గుతుందని వెళ్లాడట. తెరిచున్న ఐసు గదిలోకి కాలు జారి పడ్డాడు, పైన మూత కూడా పడిపోయింది.

"అన్నీ ఇనబడ్డాయి బాబూ," అన్నాడు. "నూకమ్మ ఏడుపు, మాయమ్మ గాలి అన్న మాట. నోరే రానేదు. ప్రాణం పోయుంటాదని నువ్వన్నావు సూడు, అదీ ఇన్నాను. ఆ సీకట్లో, నిజంగా పోనానేమో అనుకున్నాను. కాసేపు ఊపిరి తీడం మానేసి సూసినాను."

అతని మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పాడంతే. నేను మాత్రం స్క్రూడ్రైవరు పక్కన పెట్టేశాను.

ఫోను రెండువైపులా వింటుందని అందరికంటే నాకే బాగా తెలియాలి. అవతలివాడు పలకకపోయేసరికి వినడం లేదనుకున్నాను. ఇప్పటికీ నా ముందు ఏ ఫోనున్నా, దాని ఎదుట మనుషుల గురించి మాట్లాడను. మాట్లాడాల్సి వస్తే లేచి వీధిలోకి వెళతాను.