నాయన పళ్లు గట్టిపడ్డాయి

పళ్లన్నీ పీకించేసి కట్టుడుపళ్లు పెట్టించుకుంటానని మా నాయన మొండికేస్తే, నేనే ఆయన్ను కర్నూలు తీసుకుపోయాను. పత్తికొండ దగ్గర టమాటా పండించే మనిషి. ఒక్క ఏడాదిలోనే దవడపళ్లు రెండు పుచ్చిపోయాయి, ముందుపళ్లు కదలడం మొదలుపెట్టాయి. రొట్టెను పప్పులో నానబెట్టుకుని మింగేవాడు. "వయసయిపాయె, ఇంగ పళ్లెందుకులే" అనేవాడు.

పళ్ల డాక్టరమ్మ నోరంతా చూసి, పళ్ల సంగతి వదిలేసి ఇంకేదో అడిగింది. "పెద్దాయనా, దప్పిక శానా అయితాందా? రాత్రిపూట ఒంటికి పోయేదానికి మాటిమాటికీ లేయాల్సి వస్తాందా?"

నాయన నావైపు తిరిగాడు. "పంటి నొప్పని వస్తే ఈయమ్మ ఒంటికి పోయేది అడుగుతాదేందే?"

నాకు నవ్వాగలేదు. కానీ ఆ రెండూ నిజమే! చేలో ఎన్ని నీళ్లు తాగినా ఆయనకు చాలేవి కావు, ఎండలకేమో అనుకున్నాం. అప్పటికప్పుడు వేలు గుచ్చి చూశారు. షుగర్ బాగా ఎక్కువుంది.

"షుగర్ పెరిగితే నోరు ఎండిపోతాది, ఉమ్మిలో తీపి చేరుతాది. పళ్లు పుచ్చేది దాంతోనే," అని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "చిగుళ్లకు తట్టుకునే బలముండదు. చిగుళ్లు చెడితే షుగర్ ఇంకా మొండికేస్తాది. అన్నీ పీకాల్సిన పని లేదు. రెండింటినీ కలిపి దారికి తెద్దాం."

భయపడాల్సింది పోయి నాకు హుషారు పుట్టింది. ఇన్నాళ్లూ మమ్మల్ని సతాయించినది ఏమిటో తెలిసిపోయింది!

పుచ్చిన రెండూ తీసేశారు. చిగుళ్లు శుభ్రం చేశారు. షుగర్‌కు వేరే డాక్టరు మాత్రలు రాశాడు. టీలో చక్కెర మానిపించడానికి అమ్మ రోజూ యుద్ధమే చేసింది. రాత్రి బ్రష్ చేయనిదే పడుకోనివ్వలేదు.

కొన్ని నెలలకు మళ్లీ పోయాం. షుగర్ దిగింది. డాక్టరమ్మ ముందుపళ్లను ఒక్కొక్కటీ కదిపి చూసి, "గట్టిపడినాయి పెద్దాయనా!" అంది. నేను చప్పట్లు కొట్టేశాను. బయట కూర్చున్నవాళ్లు తలుపు సందులోంచి తొంగిచూశారు. నాయన సిగ్గుపడుతూనే అద్దం అడిగి తీసుకున్నాడు.

బస్టాండులో వేయించిన శెనక్కాయలు కొన్నాను. బస్సు కదిలింది మొదలు ఆయన నోరు ఆడుతూనే ఉంది. "పెళపెళ అంటాండాయి, ఇనపడతాందా?" అని నా చెవి దగ్గర నమిలి చూపించాడు. పత్తికొండలో దిగేటప్పటికి పొట్లంలో తొక్కలే మిగిలాయి. నాకు ఒక్క గింజ పెట్టలేదు మహానుభావుడు.