అడవి ఉల్లి పులుసు

పెళ్లికి ముందే అత్తింటివాళ్లచేత మూకుమ్మడిగా వాంతులు చేయించిన కోడలు కృష్ణా జిల్లా మొత్తానికి నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇది భోజనం ముగించాకే చదవండి.

అప్పట్లో విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో బోటనీ చెప్పేదాన్ని. బోర్డు మీద ఏ మొక్కనైనా వేళ్లతో సహా గీసేసేదాన్ని. నేల మీద మొలిచిన వాటితో మాత్రం పెద్దగా పరిచయం లేదు. నిశ్చితార్థమైన వారానికి కాబోయే అత్తగారు, మామగారు, మా ఆయన (అప్పటికింకా రవిగారు) ఉయ్యూరు నుంచి కారులో వచ్చి నన్ను కొండపల్లి తీసుకెళ్లారు. ఎండలు అప్పుడే మొదలవుతున్నాయి. కొండదారి పక్కన ఆకన్నదే లేకుండా, కాడ నిండా తెల్లటి పూలతో ఒక రకం మొక్కలు కనిపించాయి.

"నువ్వు బోటనీ కదమ్మా, ఇదేంటి?" అంటూ అత్తగారు పుల్లతో మట్టి తవ్వారు. అచ్చం ఉల్లిపాయలాంటి గడ్డ బయటపడింది.

తెలీదు అనే మాట లెక్చరర్ల నోట రావడం ఎంత కష్టమో మీకు తెలుసు.

"అడవి ఉల్లి అండీ," అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. "పులుసులో వేస్తే భలే ఉంటుంది. ఒంటికి బలం కూడానూ."

"చదువుకున్న కోడలంటే ఇదీ," అని మామగారు గుప్పెడు గడ్డలు సంచిలో వేయించారు.

మర్నాడు మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఊరికే పుస్తకం తిరగేస్తుంటే ఆ పూల బొమ్మ కనిపించింది. పేరు సరిగ్గానే చెప్పాను. దాని కిందే ఉంది, గడ్డ విషమనీ, గుండె మీద పనిచేస్తుందనీ. నా గుండె మీద అప్పుడే పనిచేయడం మొదలైంది. రవిగారికి ఫోన్ చేశాను.

"ఇవాళ మీ ఇంట్లో కూరేంటండీ?"

"ఉల్లిపాయ పులుసు. అమ్మ పక్కింటికెళ్లింది. నేనూ నాన్నా తమ్ముడూ బాబాయీ ఇప్పుడే తిన్నాం. చాలా బాగుంది."

"అందరూ వెంటనే ఉప్పునీళ్లు తాగి కక్కేయండి. ఆ గడ్డలు విషం. నేను బయల్దేరుతున్నాను."

నేను ఉయ్యూరు చేరేసరికి నలుగురు మగాళ్లూ వరండాలో పిండి ఆరేసిన తువ్వాళ్లలా వాలిపోయి ఉన్నారు. అత్తగారు మజ్జిగ కలుపుతున్నారు.

"అత్తయ్యగారూ, ఆస్పత్రికి వెళ్దాం. ఆ గడ్డలు..."

"అవి పూలకుండీలో పాతాను. పులుసులో వేసినవి రైతుబజారు ఉల్లిపాయలు."

"మరి నేను వేయమన్నాను కదండీ?"

"ఆ మాట చెప్పేటప్పుడు నీ మొహం చూశానమ్మా. దారి తెలీకపోయినా తెలుసంటూ కారు నడిపేటప్పుడు మీ మామగారి మొహం అచ్చం అలాగే ఉంటుంది."

మామగారు కళ్లు తెరవకుండానే అటు తిరిగి పడుకున్నారు.

పెళ్లి ఆగలేదు. కానీ ఏ కూరలు వండాలో ఎవరు చెప్పారో వంటవాళ్లని అడిగి తెలుసుకున్నాకే బాబాయిగారు విస్తరి ముందు కూర్చున్నారు. నేను మాత్రం పీటల మీద, అగ్నిసాక్షిగా, పురోహితుడు చెప్పని ప్రమాణం ఒకటి అదనంగా చేశాను: ఇకమీదట ఎవరు ఏ మొక్క చూపించినా పేరు దగ్గరే ఆగిపోతాను, పొయ్యి దాకా వెళ్లను.