తొమ్మిది దుకాణాలకు ఒకే పేరు

"నీ పేరు పెట్టుకుంటే నీకేం పోతది?"

రెండేళ్ల క్రితం, బోధన్ బస్టాండుకు ఎదురుగా ఉన్న తన ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని రాజనర్సు ఈ మాట అడిగాడు. అడిగింది బిల్కిస్‌ను. ఫోన్లో ఎవరైనా ఏదైనా వెతికితే అన్నిటికన్నా పైన కనబడే ప్రకటనలు పెట్టడం ఆమె పని. నిజామాబాద్ అహ్మదీబజార్‌లోని ఇంట్లో, అమ్మ కుట్టుమిషను పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని, పళ్ల డాక్టరు మొదలు మోటార్లకు వైండింగ్ చేసే షాపు దాకా తొమ్మిది దుకాణాల ప్రకటనలు నడిపేది. అప్పుడే కొత్త నియమం వచ్చింది. ప్రకటనకు డబ్బు కడుతున్నది ఎవరో గుర్తింపు కార్డుతో రుజువు చేయాలి. ప్రకటన పక్కనున్న మూడు చుక్కలు నొక్కితే ఆ పేరు ఎవరికైనా కనబడుతుంది.

తొమ్మిది మందిలో ఒక్కరూ పాన్ కార్డు బయటికి తీయలేదు. డాక్టరుకు తీరిక లేదు. వైండింగ్ షాపాయనకు ఇన్‌కంటాక్స్ అంటే దడ. రాజనర్సుది ఇంకా పాత భయం. ఒకప్పుడు అతను గల్ఫ్‌కు మనుషులను పంపేవాడు. ఏజెంట్ల మీద కేసులు పడడం మొదలయ్యాక ఆ పని మానేసి విమానం టికెట్లు అమ్ముకుంటున్నాడు.

"నా కార్డు కంప్యూటర్ల వెడితే అది ఏడ తేల్తదో ఏమో. నువ్వు సదువుకున్నదానివి చెల్లె. నువ్వే పెట్టుకో."

బిల్కిస్ ఆలోచించింది. పోయేదేమీ కనబడలేదు. తొమ్మిది దుకాణాలకూ ఒకటే పేరు పెట్టింది: బిల్కిస్ బేగం.

ఆ ఏడాదే ఒక స్వచ్ఛంద సంస్థ ఆమెను వేదిక ఎక్కించి, ఇంటి నుంచే సంపాదిస్తున్న ఆదర్శ మహిళ అని శాలువా కప్పింది. వక్తలు నలుగురు సాధికారత గురించి గంటసేపు మాట్లాడారు. ఇతరుల వ్యాపారానికి తన పేరు రాసిస్తే ఏమవుతుందో చెప్పగలిగినవాళ్లు ఆ నలుగురిలో ఒక్కరూ లేరు. శాలువా ఇప్పుడు కుట్టుమిషను మీద కప్పి ఉంది.

ప్రతి మంగళవారం ప్రకటనల లోకం వార్తలు ఆమెకు మెయిల్లో వస్తాయి. మొన్న వానాకాలం ఒక మంగళవారం వచ్చిన వార్త ఇది: ఇక శీర్షికలు మనుషులు రాయనక్కర్లేదు, దుకాణం వెబ్‌సైటు చదివి యంత్రమే రాసుకుంటుంది. ఖాతా తెరిస్తే ఎర్ర అంకె కనబడింది. మీ ప్రకటనల నాణ్యత వందకు యాభై ఎనిమిది. కింద ఒక బటన్: సూచనలన్నీ అమలు చేయి. తొమ్మిది దుకాణాలకు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో శీర్షికలు రాసి రాసి విసిగిపోయిన మనిషి ఆ బటన్ నొక్కకుండా ఎలా ఉంటుంది? నొక్కింది. అంకె తొంభై నాలుగుకు ఎక్కి పచ్చబడింది.

రెండు వారాలకు రాజనర్సు ఫోన్ చేశాడు. "ఏం మంత్రమేసినవ్ చెల్లె, ఫోన్ కింద వెడ్తలేను!"

టికెట్లు కొనేవాళ్లు ఒక్కసారిగా ఎందుకు పెరిగారని ఆమె అడగలేదు. తగ్గిన అంకెను నిలదీస్తారు గానీ పెరిగిన అంకెను నిలదీసే అలవాటు ఆ వృత్తిలో ఎవరికీ లేదు.

నెల తర్వాత ఒక ఉదయం తలుపు చప్పుడైంది. తీస్తే, వానకు తడిసిన చీర కొంగుతో ఫోన్ తుడుచుకుంటూ ఒకామె నిలబడి ఉంది.

"బిల్కిస్ బేగం అంటే నువ్వేనా?"

"నేనే. ఎవలు కావాలె అక్కా?"

"నువ్వే కావాలె. నా పేరు ధనలక్ష్మి, మాది కమ్మర్‌పల్లి. గిది సూడు."

ఫోన్లో దాచుకున్న ప్రకటన బొమ్మ చూపించింది. 'దుబాయ్‌లో డ్రైవర్ ఉద్యోగం. నెలకు 1,800 దిర్హమ్‌లు. వీసా ఉచితం.' కింద రాజనర్సు ట్రావెల్స్ నంబరు. పక్కన మూడు చుక్కలు నొక్కి తీసిన రెండో బొమ్మలో, డబ్బు చెల్లిస్తున్నవారు: బిల్కిస్ బేగం.

బిల్కిస్ రెండు బొమ్మలూ మళ్లీ చదివింది. ఆ మాటలు ఆమె రాయలేదు.

"మా ఆయన ముత్తన్న ట్రాక్టర్ నడుపుడు ఇడిసిపెట్టిండు గీ నౌకరి కోసం," అంది ధనలక్ష్మి. "సంఘంల అప్పు తీసి నలభై వేలు అడ్మాన్సు కట్టినం. వీసా లేదు, కాయితం లేదు. నిన్న బోధన్ పోయి అడిగితే ఆ సారు ఏమన్నడో ఎర్కేనా? గా ప్రకటన నేనియ్యలే, పేరు సూస్కోండ్రి, పోయి గామెనే అడుగుండ్రి అన్నడు. నీ ఇల్లు గూడ ఆయనే జెప్పిండు."

లోపల కుట్టుమిషను ఆగింది. "కౌన్ హై బేటీ?" అని లోపలి నుంచి అమ్మ అడిగింది. గల్ఫ్ ఉద్యోగం మోసం, నిందితురాలు బిల్కిస్ బేగం. ఆ పేరును ఠాణాలో ఎంత నెమ్మదిగా, ఎన్నిసార్లు చదువుతారో బిల్కిస్‌కు చెవుల్లో వినబడింది. అమ్మ బురఖా తొడుక్కుని ఆ ఠాణా మెట్ల మీద కూర్చున్నట్టు కూడా కనబడింది.

ధనలక్ష్మిని కూర్చోబెట్టి ల్యాప్‌టాప్ తెరిచింది. రాజనర్సు వెబ్‌సైటు అడుగున, అతను మనుషులను పంపే రోజుల్లో పెట్టిన దుబాయ్ డ్రైవర్ ఉద్యోగాల పేజీ ఒకటి ఉంది. ఎవరూ తీసేయలేదు, ఆమె ఎప్పుడూ చూడలేదు. యంత్రం చూసింది, చదివింది, శీర్షిక కట్టింది. ఎవరు అనుమతించారో చెప్పే చిట్టా తీస్తే అందులో ఉన్నదీ ఆమె పేరే. తేదీతో, నిమిషంతో. ముందు ఆ ప్రకటన ఆపేసింది. ఆ తర్వాత కాల్స్ పట్టిక తెరిచింది. ప్రకటన మీద నొక్కి ఫోన్ చేసినవి ముప్పై ఒకటి. ముత్తన్న ఫోన్ చేశాడని ధనలక్ష్మి చెప్పిన రోజున ఒక కాల్ పద్నాలుగు నిమిషాలు సాగింది.

"నడువు అక్కా, బోధన్ పోదాం."

బోధన్ బస్సు ఎడపల్లి దాటింది. తిరిగొచ్చేటప్పుడు తాను ఈ బస్సులోనే వస్తానా అని బిల్కిస్ అనుకుంటోంది. ఈమె మధ్యలో దిగి పారిపోతుందేమో అన్నట్టు ధనలక్ష్మి ఆమె బ్యాగు పట్టీ వదల్లేదు.

రాజనర్సు ఇద్దర్నీ చూసి నవ్వబోయి ఆగాడు. "నాకేం దెల్వది చెల్లె. ప్రకటన నీది."

"నేను రాయలే అన్నా. మిషిన్ రాసింది."

"మిషిన్ రాసిందంటే ఠాణాల రాసుకుంటరా? పేరు నీదే ఉన్నదాయె."

బిల్కిస్ మాటలు ఒక్కొక్కటిగా తీసింది. "రాసుకుంటరు. పోదాం నడువు. నేను సూడకుంట బటన్ ఒత్తిన, తప్పు నాదే అని నేనే రాసిస్త. డ్రైవర్ నౌకరి ఉన్నదా అని ముత్తన్న అడిగిండు గదా. లేదు, మాయి టికెట్లే అనడానికి ఎంత సేపు పడ్తది? పద్నాలుగు నిమిషాలా? నా కాడ లెక్క ఉన్నది అన్నా. గంతసేపు ఏం మాట్లాడినవో నువ్వు చెప్పాలె."

"నలభై వేలు గీ చేతులనే వెట్టిన," అంది ధనలక్ష్మి అతని కుడిచేయి చూపించి. "గీమె చేతుల వెట్టలే."

ఠాణా భయానికి ఆ గదిలో బిల్కిస్ కన్నా పాత రోగి రాజనర్సే. సొరుగు లాగి ఐదు వందల నోట్లు లెక్కపెట్టాడు. ఇరవై ఐదు వేలు.

"గివే ఉన్నయి. మిగిలినయి వారంల."

"కాయితం మీద రాయి," అంది ధనలక్ష్మి.

అతను రాశాడు. సాక్షి సంతకం బిల్కిస్ చేయాల్సి వచ్చింది. కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివి, చేసింది. కమ్మర్‌పల్లి వెళ్లడానికి నిజామాబాద్‌లో బస్సు మారుతూ ధనలక్ష్మి మొదటిసారి ఆమెను అక్కా అని పిలిచింది. "మంచిదానివే గానీ అక్కా, ఇంకోసారి సదివి ఒత్తు."

బిల్కిస్ ఇంటికి వెళ్లి మిగిలిన ఎనిమిది ఖాతాల్లో యంత్రం ఏమేం రాసిందో వరుసగా చదివింది. పళ్ల డాక్టరు పేరు మీద 'నొప్పి రాదని గ్యారంటీ' అని ఉంది. యంత్రం రాసినవన్నీ ఆపేసింది. అంకె మళ్లీ ఎర్రబడింది. రాజనర్సు పని వదిలేసింది. ఎనిమిది మందినీ కార్డులు అడిగితే ఇద్దరు ఇచ్చారు. ఆరు దుకాణాలు ఇంకా ఆమె పేరు మీదే ఉన్నాయి, ఎందుకంటే ఇంట్లోకి బియ్యం వచ్చేది వాటితోనే. ఆపేసిన దుబాయ్ ప్రకటన కూడా పాత ప్రకటనల బహిరంగ జాబితాలో ఆమె పేరుతో అలాగే ఉంది. దాన్ని తుడిపే బటన్ లేదు.

ముప్పై ఒక్క కాల్స్‌లో ఒకటి ముత్తన్నది. మిగతా ముప్పై ఎవరివో, వాళ్లలో ఎవరు డబ్బు కట్టారో ఆమెకు తెలియదు. తలుపు చప్పుడైతే అమ్మ లేచేలోపే తానే లేస్తుంది. తీసే ముందు, వచ్చింది ఎవరోనని కిటికీ సందులోంచి చెప్పులు చూస్తుంది.

రాజనర్సు చెప్పిన వారం దాటి మూడు నెలలైంది. ముత్తన్నకు ఇంకా పదిహేను వేలు రావాలి.